లోయ వైపు సీటు

కొండల మీద ఇంత అందం కుమ్మరించిన దేవుడు, దాన్ని చూసే మనసు తన భర్తకెందుకు పెట్టలేదోనని ఆమెకు ఏళ్ల తరబడి సందేహం.

ప్రతి వేసవికీ ఇదే ఘాట్ రోడ్డు, పైన రెండు రోజులు గుడారాల్లో మకాం. కారు ఎప్పుడూ ఆయనే నడుపుతాడు. ఆమె పక్కనుండి జలపాతం చూపిస్తే తలైనా తిప్పడు.

ఈసారి కొత్త కారు కొన్న ఆమె తమ్ముడు నడుపుతున్నాడు. వాడి పక్కన, లోయ వైపు సీట్లో ఆయన.

"మీ బావకి కొండైనా గోడైనా ఒకటేరా," అంది వెనకనుంచి.

"తారు రోడ్డు గురించి అడుగక్కా, గంటసేపు చెబుతారు," నవ్వాడు తమ్ముడు.

మలుపు తిరగ్గానే ఆయన అద్దం దించాడు.

"ఏమేవ్, నువ్వు చెప్పే జలపాతం ఇదేనా?"

"బాగుంది వరస! ఇన్నేళ్లూ గొంతు పోయేలా చూపిస్తే ఇవాళ అడుగుతున్నారా?"

"చూపించావులే. ఈ మలుపులో నేను తల తిప్పితే అందరం అదిగో, అక్కడుండేవాళ్లం," అన్నాడు లోయ అడుగుకేసి చూస్తూ.

ఆమె ముందుకి వంగి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"బావగారు కవిత్వం మొదలెట్టేలా ఉన్నారే," అన్నాడు తమ్ముడు.

"నువ్వు నోరు మూసుకుని బండి పక్కకి ఆపు," అంది ఆమె.

ఆమె దిగి, ముందు తలుపు తెరిచింది. ఆయన పిట్టగోడ దగ్గరికెళ్లి నిలబడ్డాడు. చాలాసేపటికి తమ్ముడు హారన్ కొట్టాడు.

"అక్కా, చీకటి పడితే గుడారం వేసుకోలేం."

"కార్లోనే పడుకుందాం. ఇన్నేళ్ల బాకీరా, తీరనీ."