అబ్బులు పేరు

“ఆడమనిషి పోస్తే అది బాప్తిస్మం కాదమ్మా. ఒట్టి నీళ్లు,” అన్నాడు ఆనందకుమార్.

చాముండేశ్వరి గోడవారగా నిలబడి వింటోంది. పరాయి దేశంలో, ఇంటర్నేషనల్ సిటీలోని ఆ చిన్న ఫ్లాట్‌లోనే తెలుగువాళ్ల ప్రార్థన జరుగుతుంది. నడిపించేది ఆనందకుమారే. బాప్తిస్మం పొంది చనిపోయిన విశ్వాసుల పేర్లు చదివి ప్రార్థించే కూటం రేపే. అందులో తన భర్త అబ్బులు పేరు వినపడాలని ఆమె వచ్చింది.

కరోనా వార్డులో ఊపిరందక కొట్టుకుంటూ అబ్బులు బాప్తిస్మం అడిగాడు. అక్కడి నర్సు కృపారాణి గిన్నెతో నీళ్లు తెచ్చి నెత్తిన పోసింది. రేపు పేరు చదివితే తనవాడు ఒక చోటికి చేరినట్టు. చదవకపోతే ఎటూ కాకుండా పోయినట్టు.

మాట్లాడతానని కృపారాణి కూడా వెంట వచ్చింది. బైబిల్లో సంఘం లూదియ అనే ఆవిడ ఇంట్లోనే కూడుకుందని, ఫీబే సంఘ పరిచారకురాలని, ప్రిస్కిల్ల బోధకుడికే బోధ చెప్పిందని గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

“ఇల్లిచ్చారు, అన్నం పెట్టారు, బోధా చేశారనుకో,” అన్నాడాయన. “బాప్తిస్మం ఇచ్చిన ఆడమనిషిని ఒక్కర్తెను చూపించు.”

“జరగలేదో, రాయలేదో, ఎవరికి తెలుసు అయ్యగారూ?”

టీ తెచ్చిన ఆయన భార్య రూబీ గుమ్మంలోనే ఆగిపోయింది. చూపు గోడ మీది కొడుకు ఫొటో మీదికి పోయింది. జోషువా పోయిందీ ఆ వార్డులోనే. కన్నవాళ్లను గేటు దాటనివ్వలేదు. బాప్తిస్మం తీసుకునే పోయాడని ఫోనులో చెప్పారంతే.

“మరి మనవాడికి ఇచ్చిందెవరండీ?” అంది.

ఆనందకుమార్, ఎవరో పాస్టరై ఉంటాడన్నాడు. ఆ మాట ఆయనకే నమ్మబుద్ధి కాలేదు. కృపారాణి వైపు తిరిగాడు.

“నువ్వక్కడే ఉన్నావుగా అమ్మా. చూశావా?”

కృపారాణి ఫొటో వంక చూసింది.

“చూశానండీ. పెద్దవయసు పాస్టరుగారు. ప్రార్థన అయ్యాక మీవాడు ఆమేన్ అన్నాడు.”

రూబీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన మొహం తేటపడింది.

“అదీ బాప్తిస్మమంటే. అబ్బులు సంగతి ఇక ఖలాస్, ఏమనుకోకు చాముండేశ్వరీ.”

కృపారాణి వెళ్లి చెప్పులు వేసుకుంది.

బస్టాపు దాకా చాముండేశ్వరి విసవిసా ముందు నడిచింది. అక్కడికి చేరాక అడిగేసింది.

“పాస్టరుగారు వచ్చారంటివి. మా ఆయన మంచం కాడికి రమ్మంటే రాకపోయారా? బిల్డింగుల కాడ షటరింగ్ కూలోడికి నువ్వు చాలనుకున్నావా సిస్టరమ్మా?”

కృపారాణి బెంచీ మీద కూర్చుంది.

“ఏ పాస్టరూ రాలేదక్కా. ఎవర్నీ రానివ్వలేదు.”

బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది, మూసుకుంది, వెళ్లిపోయింది.

“జోషువాకు పోసిందీ నేనే.”