సూదుల వాండా

హాలోవీన్ ముందురోజు మధ్యాహ్నం చర్చి కింది వంటగదిలో పాకం మాడిపోయింది.

మర్నాడు ఊళ్ళో పిల్లలందరికీ పార్టీ. ఆపిల్ పళ్ళకి పుల్లలు గుచ్చి, పాకంలో ముంచి ఇవ్వాలని ఏర్పాటు.

"మళ్ళీ మాడ్చావా కెండ్రా?" పార్టీ పెత్తనమంతా నెత్తినేసుకున్న మర్లా కసిరింది. "చాక్లెట్లు కొని పడేద్దామంటే విన్నావు కాదు. ఇంట్లో చేసినవే కావాలన్నావు. ఇప్పుడు చూడు."

"కాస్త మంట తగ్గించండమ్మా," గుమ్మంలోంచి ఎవరో అన్నారు.

ఒక ముసలావిడ. సాయానికి రమ్మని బయట పెట్టిన బోర్డు చూసి వచ్చిందట. పేరు మిసెస్ క్రెయిన్. ఈ వారమే ఊరి చివర అద్దెకి దిగిందట.

ఆవిడ చేతులు కడుక్కుని పొయ్యి దగ్గర నిలబడింది. పాకం చక్కగా కుదిరింది. గంటలో బల్ల నిండా ఆపిల్స్ నిగనిగలాడాయి.

కెండ్రా ఒకటి కొరికింది. "పెద్దమ్మా, రేపు మీరు రాకపోతే ఊరుకోను."

"వస్తాను. పిల్లలు తింటుంటే చూడాలని ఉంది," అంటూ ఆవిడ నవ్వింది.

అప్పుడే మర్లా మనిషెత్తు అట్టబొమ్మ ఒకటి తెచ్చి గోడకి ఆనించింది. వంకర ముక్కు, పళ్ళూడిన నోరు, చేతిలో సూదులు గుచ్చిన ఆపిల్.

"ఇదేంటమ్మా?"

"రేపటి ఆట. సూదుల వాండా. గుడ్డబంతి విసిరి మొహం మీద కొట్టినవాళ్ళకి బహుమతి."

"ఏం చేసిందావిడ?"

"మీరు కొత్త కదా, తెలీదు. యాభై ఏళ్ళ కిందట పిల్లలకిచ్చే ఆపిల్స్‌లో సూదులు పెట్టిందట ఆ మహాతల్లి. ఊరంతా కలిసి తరిమేశారు. ఆ భయంతో ఇన్నాళ్ళూ హాలోవీన్‌కి ఇంట్లో చేసింది ఎవరూ పిల్లలకి పెట్టలేదు. ఈ ఏడే మళ్ళీ మొదలు."

"ఎవరికైనా గుచ్చుకుందా?"

"ఏమో. అందరూ అంటారు."

"సూది కళ్ళారా చూసినవాళ్ళు ఒక్కరున్నారా?"

మర్లాకి కోపం వచ్చింది. "ఏంటండీ, పోలీసులా అడుగుతున్నారు?"

"ఆ బొమ్మ తీసేయండి."

"నిన్నగాక మొన్న వచ్చారు. పాకం తిప్పినంత మాత్రాన పార్టీ మీదైపోదు."

"ఎవరూ చూడని సూది కోసం ఒక మనిషి మొహాన్ని పిల్లల చేత కొట్టిస్తారా? సిగ్గుగా లేదూ?" అంది ముసలావిడ.

"ఎప్పుడో చచ్చి ఉంటుంది లెండి. దానికేం నొప్పి?"

చచ్చినవాళ్ళనైతే ఏమైనా అనొచ్చన్నమాట. పైగా అది దేవుడి గుడి!

"ఆ బొమ్మ ఉన్న చోట నేనుండలేను," అంది ముసలావిడ.

"తలుపు తెరిచే ఉంది."

ఆవిడ ఏప్రాన్ విప్పి కుర్చీకి తగిలించింది. "ఆపిల్స్ మాత్రం పారేయకండి. పిల్లలకి పెట్టండి," అని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

"పొగరు చూడు," అంది మర్లా.

"బొమ్మ తీసేస్తే మన సొమ్మేం పోయేది?" కెండ్రాకి ఒళ్ళు మండింది. "పాపం, పనిగట్టుకుని వచ్చి మన పని చేసిపెట్టింది. ఆవిడ్ని పొమ్మంటావా?"

"అయితే నువ్వూ వెళ్ళు."

కెండ్రా వెళ్ళలేదు. కానీ బొమ్మని గోడవైపు తిప్పేసింది. మర్లా నోరు తెరిచేలోపు ఓటిస్ ముసలాయన కుర్చీలు మోసుకుంటూ దిగాడు. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగినవాడు.

కుర్చీలు దించి ఇద్దరి వైపూ కోపంగా చూశాడు.

"నాతో బళ్ళో చదివిన వాండా ఇప్పుడే మెట్ల మీద ఎదురైంది, పలకరిస్తే ఏడుస్తూ కారెక్కేసింది," అన్నాడు. "మళ్ళీ ఏమన్నారే ఆమెని?"