కచేరీ మధ్యలో దగ్గు

ఆ శుక్రవారం సాయంత్రం రేడియోలో కచేరీ మొదలైన కాసేపటికి, ఎవరో ముసలామె వచ్చి సరళాదేవి ఇంటి గడప ముందు నిలబడింది.

కాసె పోసి కట్టిన చీర. జుట్టు నిండా దూది పోగులు.

"ఏం గావాలె?" అంది సరళాదేవి.

"ఏమొద్దు బాయీ. జరసేపు గీడ కూసొని రేడియో ఇంట."

ఆసిఫాబాదులో అప్పటికి రేడియో ఉన్న ఇళ్లు తక్కువ. భార్య ముచ్చటపడిందని వకీలు మధుసూదన్‌రావు కిందటేడే ఒకటి తెప్పించాడు.

వారమంతా సరళాదేవి ఎదురుచూసేది ఈ శుక్రవారం కచేరీ కోసమే. హైదరాబాదులో జనం ముందు వాద్యబృందం వాయిస్తుంటే, అదే క్షణాన ఇక్కడ వినపడేది. వీణలు, వయొలిన్లు, సితార్లు, తబలాలు అన్నీ ఒక్కటై ఉప్పొంగేవి. వాటి నడుమ నుంచి ఒక పిల్లనగ్రోవి ఒంటరిగా పైకి లేచేది. అది వినిపించినంతసేపూ సరళాదేవి నోట్లో వక్క కూడా కదిలేది కాదు.

"కూసో. సప్పుడు చెయ్యకు."

ముసలామె వరండాలో స్తంభానికి ఆనుకుని కూర్చుంది. పాట మీద ధ్యాసే లేదు. ఆవులించింది. జుట్టులో దూది ఏరుకుంది.

మొదటి పాట అయిపోయింది. చప్పట్లు ఆగాయి. మరో పాటకు వాద్యాలు సర్దుకునే ఆ నిశ్శబ్దంలో ఎవరో దగ్గారు. ఖళ్, ఖళ్ మని రెండుసార్లు.

ముసలామె లేచి చీర దులుపుకుంది.

"పోయొస్త బాయీ."

"ఇంక సగం గూడ కాలేదు గదా!"

"సాలు బాయీ," అని నవ్వి వెళ్లిపోయింది.

ముసలామె మళ్లీ శుక్రవారం వచ్చింది. ఆ పై శుక్రవారమూ వచ్చింది. మధ్యలో దగ్గు వినపడగానే లేచిపోవడం!

ఆమె పేరు గంగుబాయి అనీ, ఇచ్చోడ నుంచి వచ్చి పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో పని చేస్తోందనీ ఇంటి పనిమనిషి కొమురవ్వ చెప్పింది. అంతకుమించి ఆమెకూ తెలియదు.

సరళాదేవి ఉండబట్టలేక అడిగేసింది.

"పాట మీద నీకు మనసే లేదు. మరెందుకొస్తవు?"

"ఉత్తగనే బాయీ."

"ఆ పిల్లనగ్రోవి విన్నవా? ఎట్లున్నది?"

"నాకేం తెలుస్తది? అన్ని ఒక్కతీర్గనే ఇనవడ్తయ్."

ఇద్దరూ నవ్వుకున్నారు. అంతలో రేడియోలో దగ్గు.

సరళాదేవి మొహం చిట్లించింది. "వారం వారం గిదే వరుస! గింత మంచి కచేరీల గా దగ్గుడేంది? రోగమున్నోడు ఇంట్ల పండుకోవద్దా?"

గంగుబాయి ముఖంలో నవ్వు పోయింది.

"దగ్గొస్తె ఏం జేస్తడు బాయీ, పాపం," అని మెల్లగా లేచి వెళ్లిపోయింది.

ఆ వారమే మధుసూదన్‌రావు కేసు పని మీద హైదరాబాదుకు బయలుదేరాడు.

"రేడియో స్టేషన్ల మీ దోస్తు ఉన్నడు గదా. జర గా దగ్గు సంగతి చెప్పుండ్రి," అంది సరళాదేవి.

"చెప్త తియ్. నీకు గదే ఫికరాయె," అని నవ్వాడాయన.

శుక్రవారం వచ్చింది. మొదటి పాట అయింది. చప్పట్లు ఆగాయి. నిశ్శబ్దం.

దగ్గు వినపడలేదు.

గంగుబాయి స్తంభాన్ని వదిలి ముందుకు జరిగింది. రెండో పాట అయింది. మూడోది మొదలైంది. పిల్లనగ్రోవి ఆ రోజు ఎన్నడూ లేనంత తీయగా పలికింది. సరళాదేవి కళ్లు మూసుకుంది.

తెరిచి చూసేసరికి గంగుబాయి రేడియోకు చెవి ఆనించి ఉంది.

కచేరీ ముగిసి వార్తలు మొదలయ్యాయి.

"బాయీ, ఇయ్యాల దగ్గు ఇనవడలే?"

"లే. పీడ వోయింది," అంది సరళాదేవి తృప్తిగా.

గంగుబాయి గోడ పట్టుకుని లేచింది. పోయొస్తనని కూడా అనకుండా వెళ్లిపోయింది.

మర్నాడు కొమురవ్వ వార్త మోసుకొచ్చింది.

"గంగుబాయి పొద్దుగాల హైద్రాబాదు రైలెక్కిందమ్మా. ఎందుకే అంటె మాట్లాడలే. ఒక్కతీర్గ ఏడ్సుడే."

సరళాదేవికి ఏమీ అంతుపట్టలేదు.

ఆదివారం మధుసూదన్‌రావు తిరిగొచ్చాడు. వెంట సన్నగా, పొడుగ్గా ఒక మనిషి. భుజాన పొడవాటి గుడ్డసంచి.

"సరళా, ఎవలను తోలుకొచ్చిన్నో చూడు. నువ్వు పానమిడిచే పిల్లనగ్రోవి గీయనదే! అంబదాస్. రైల్ల కలిసిండు."

సరళాదేవి హడావిడిగా లేచింది. కుర్చీ జరిపింది. చాయ్ పెట్టమని కొమురవ్వను కేకేసింది.

అతను కూర్చోలేదు. వరండా అంతా వెతుక్కుంటున్నాడు.

"గంగుబాయి రేడియో ఇన ఈడికే వస్తదని సార్ చెప్పిండు. యాడున్నదమ్మా? నన్ను గన్న అవ్వ."

"మీ అవ్వనా?" అంది సరళాదేవి. "నిన్ననే హైదరాబాదు పోయింది నాయనా. ఏడ్చుకుంట పోయిందట."

అంబదాస్ మెట్టు మీద కూలబడ్డాడు.

"ఎవలో చెప్పిండ్రట, కచేరీల దగ్గద్దని నన్ను గట్టిగ అన్నరు. అవ్వ పరేషాన్ అయితదని సెలవు వెట్టి ఉరికొచ్చిన."

"ఆ దగ్గు నీదా?"

"నాదే. కావాలనే దగ్గుత. గీ సంగతి ఎవలకు చెప్పకు, నౌకరి పోతదని అవ్వకు నేనే చెప్పిన. పోయినేడు జరమొచ్చి సచ్చి బతికిన. అప్పటిసంది ఆమెకు నా మీదనే గుబులు."

"మరి... నీ పిల్లనగ్రోవి వినవడుతనే ఉండె గదా?"

అతను తలెత్తి ఆమె వైపు చూశాడు.

"గన్ని వాద్యాలల్ల నాదేదో మా అవ్వకు తెల్వదమ్మా. దగ్గితెనే, కొడుకు పానంతోని ఉన్నడని తెలుస్తది."