పోల్ మీద మనిషి

కరెంటు పోయింది. పోయిందో లేదో, ముసలామె వచ్చి జనరేటర్ తలుపుకి వీపు ఆనించి కూర్చుంది.

"మళ్ల వచ్చినవా అవ్వా?" ఎంకన్న తల పట్టుకున్నాడు. జనరేటర్ నడిపేది అతనే.

"పోల్ మీద మనిషి దిగిండా?"

"ఏ మనిషి? ఏ పోలు?"

"దిగినంకనే లేస్త."

ఎంకన్న తిరిగి చూశాడు. క్యాంపస్ రోడ్డు మీద పోల్. ఎవరూ లేరు. కాకి కూడా లేదు.

షెడ్‌లోంచి సుధామయి పరిగెత్తుకొచ్చింది. యూనివర్సిటీలో కొత్త హాస్టల్ కడుతున్నారు, దాని ఇనుప కప్పు వెల్డింగ్ చేయడానికి పక్కనే టెంపరరీగా పెద్ద రేకుల షెడ్ వేశారు, ఆ షెడ్‌కి కరెంటు ప్లాన్ మొత్తం సుధామయిదే. ఇంజనీరుగా ఫస్ట్ సైట్! నల్లకుంట ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద గీసి, చెరిపి, మళ్లీ గీసింది. వెల్డింగ్ మెషిన్లకి వేరే లైను, లైట్లకి వేరే లైను, ఎర్తింగు, తడి తగలకుండా పైనుంచి కేబుళ్లు. అన్నీ.

చేంజోవర్ స్విచ్ ఒక్కటే రాలేదు.

పోల్ కరెంటు, జనరేటర్ కరెంటు కలవకుండా ఆపేది అదే. కానీ సకల జనుల సమ్మె. రోజూ బందే. కోఠిలో షాపు షట్టర్ లేస్తే కదా!

అందాకా చేతి పద్ధతి. ముందు మెయిన్ దించాలి, ఆ తర్వాతే జనరేటర్. దించకపోతే జనరేటర్ కరెంటు వెనక్కి పోయి పోల్ మీదికి ఎక్కుతుంది.

"నేనున్న కద మేడం, మరుస్తనా?" అన్నాడు ఎంకన్న.

నిజంగానే ఎప్పుడూ మర్చిపోలేదు.

"ఎవరీవిడ?" సుధామయి మెల్లగా అడిగింది.

"తార్నాకల అందరికీ ఎరుకే మేడం. కొడుకు లైన్‌మెన్ అంట. పోల్ మీదుంటే ఎవడో జనరేటర్ ఏసిండంట, ఆడికాడనే పాణం పోయిందంట. అప్పటిసంది దిమాక్ ఖరాబ్."

సుధామయి పోల్ వైపు చూసింది.

"దిగిండు అవ్వా," ఎంకన్న వంగి చెప్పాడు. "చాయ్ తాగనీకె పోయిండు."

ముసలామె అతని మొహంలోకి చూసింది. సుధామయి మొహంలోకీ చూసింది. అప్పుడు లేచింది.

బొగ్గు గనుల్లో సమ్మె, అందుకే కోత మీద కోత. కరెంటు పోయిన ప్రతిసారీ ఆమె రావడం, వీళ్లు అబద్ధం చెప్పడం, ఆమె లేవడం. వెల్డర్లు కూడా పని ఆపి పోల్ వైపు చూడటం మొదలుపెట్టారు. ఇంట్లో ఫ్యాన్ ఆగితే చాలు, సుధామయి కిటికీ దగ్గరికి వెళ్లి బయట పోల్ మీద ఎవరైనా ఉన్నారా అని చూసొచ్చేది.

"ఏందే, దయ్యం పట్టిందా?" అంది వాళ్లమ్మ.

ఇంతలో కాంట్రాక్టర్ ఫోను. "ఈ వారం కప్పు లేవకపోతే సైటు ఇంకొకళ్లకి ఇచ్చేస్తా. ముసలమ్మ కథలు నాకు చెప్పకు."

మర్నాడు పొద్దున్నే కరెంటు పోయింది.

"ఇప్పుడు కోత లేదు కదా ఎంకన్నా?"

"బొగ్గే లేదు, ఇంక టైమేడిది మేడం?"

కరెక్టే అనిపించింది. తార్నాక వైపు టైర్లు కాలుతున్నాయి, నల్లటి పొగ, జై తెలంగాణ నినాదాలు, టియర్ గ్యాస్ చప్పుడు. ముసలామె అప్పటికే తలుపు దగ్గర కూర్చుని ఉంది.

"దిగిండు అవ్వా."

"దిగలే."

"అరె, దిగిండంటే!"

"దిగలే బిడ్డా. నేను చూసొచ్చిన."

ఆమె చెయ్యి రోడ్డు మలుపు వైపు చూపించింది. అటు ఉత్త పొగ.

స్టూడెంట్లని ఎక్కించుకున్న పోలీసు వ్యాను షెడ్ ముందు ఆగింది.

"ఈమె మీ మనిషేనా?" అడిగాడు కానిస్టేబుల్.

సుధామయి వాచీ చూసుకుంది. వెల్డర్లు ఖాళీగా కూర్చున్నారు. కాంట్రాక్టర్ గొంతు ఇంకా చెవిలోనే ఉంది.

"మా మనిషి కాదు సార్."

ఆమెనీ ఎక్కించారు. వ్యాను జాలీలోంచి ముసలామె అరుస్తూనే పోయింది. "ఎయ్యకుండ్రి బిడ్డా! ఎయ్యకుండ్రి!"

గాలి ఇటు తిరిగింది. టియర్ గ్యాస్ షెడ్‌లోకి వచ్చేసింది, అందరికీ దగ్గు, కళ్లు మంటలు.

"తొందరగా ఎంకన్నా!"

ఎంకన్న ముఖానికి తువ్వాల అడ్డం పెట్టుకుని, నీళ్లు కారే కళ్లతో తడుముకుంటూ జనరేటర్ వేశాడు. లైట్లు వెలిగాయి. హమ్మయ్య అనుకుంటూ సుధామయి బోర్డు వైపు తిరిగింది.

మెయిన్ హ్యాండిల్ పైకే ఉంది.

పరిగెత్తి దించేసింది. మలుపు అవతల నించి ఒక కేక. మళ్లీ ఏ చప్పుడూ లేదు.

ఇద్దరూ పరిగెత్తారు. మలుపు తిరగ్గానే ఇంకో పోల్, అదే లైను మీదిది. టైర్ల మంటకి అక్కడ వైరు కాలి తెగింది. దాన్ని కలపడానికి ఫ్యూజులు పీకి ఎక్కిన మనిషి, నడుం బెల్టుకి వేలాడుతున్నాడు.

"ఇమ్మానుయేల్! అరే, ఇమ్మానుయేల్!" కింద నిలబడ్డ ముసలి లైన్‌మెన్ రాజలింగం పిలుస్తూనే ఉన్నాడు. పైనుంచి పలుకు లేదు.

నిచ్చెన తెచ్చి దించారు. రాజలింగం ఛాతీ మీద చెవి పెట్టి చాలాసేపు విన్నాడు. తల ఎత్తలేదు.

 ఏదో ఒకటి మాట్లాడకపోతే సుధామయికి పిచ్చెక్కేలా ఉంది.

"మా షెడ్ దగ్గరికి ఒకావిడ వస్తుంది... ఆవిడ కొడుకు కూడా ఇట్లనే పోయాడంట..."

"ఎవరు, శివమ్మనా?" రాజలింగం తల ఎత్తాడు. "గప్పుడు పోల్ మీద పోయింది ఆమె పెనిమిటి తల్లీ, ఆయన నౌకరి కొడుక్కిచ్చిన్రు, గా కొడుకు ఈడే, గిప్పటిదాంక బతికే ఉండె."