శివాని ఇచ్చిన మంచినీళ్లు

"శివానీ, ఆగు! నేను ముంచుకుంట!" గుమ్మంలో చెప్పులు విడుస్తూనే కేకేసింది పద్మలత.

అప్పటికే శివాని బిందెలో చెంబు ముంచి గ్లాసులో పోసేసింది. ఒక్క చుక్క ఒలకలేదు. మెల్లగా నడిచొచ్చి, తల్లి కుడిచెయ్యి పట్టుకుని, గ్లాసు అందులో పెట్టి, వేళ్లు ఒక్కొక్కటే దాని చుట్టూ ముడిచింది. బాగా పట్టుకున్నదని నమ్మకం కుదిరాకే వదిలింది.

పద్మలత గ్లాసు వంక, పిల్ల వంక మార్చి మార్చి చూసింది.

శివానికి తొమ్మిదేళ్లు. నాలుగో ఏట నడక వచ్చింది. మాటలు ఇప్పటికీ పది దాటలేదు. థెరపీకని మందమర్రి నుంచి మంచిర్యాలకు మూడేళ్లు బస్సులో తిప్పినా, గ్లాసు ఎత్తితే సగం నీళ్లు నేలపాలే. భర్త వెంకటేశ్ మస్కట్‌లో ఉన్నాడు. పద్మలత పొద్దున బట్టల దుకాణానికి వెళ్తే దీపాల వేళకు గానీ తిరిగి రాదు. అంతసేపూ పిల్ల దగ్గర ఉండేది అత్త దేవవ్వే. మోకాళ్ల నొప్పులని ఈ మధ్య ఆమె మంచం దిగడం తగ్గించింది.

"కొమురవ్వా, జల్ది రా! మా శివాని నీళ్లిచ్చింది!"

పక్కింటి కొమురవ్వ పరుగున వచ్చింది. శివాని ఆమెకూ అలాగే ఇచ్చింది, వేళ్లు ముడిచి మరీ.

"అవ్వో, గింత పైలంగ ఇస్తుందేందే!" కొమురవ్వ ముక్కున వేలేసుకుంది.

జిలేబీలు వచ్చాయి. వీధి పిల్లలు చప్పట్లు కొట్టారు. వీడియో కాల్‌లో వెంకటేశ్ కాసేపు బిత్తరపోయి చూసి, కళ్లు తుడుచుకున్నాడు.

"ఇంకోపాలి ఇయ్యి బిడ్డా! అవ్వా, చూస్తున్నవా?"

"ఆఁ కొడుకా, ఆఁ" అంది దేవవ్వ మంచం మీంచే, నవ్వుతూ.

అందరూ వెళ్లాక పద్మలత అత్త పక్కన కూర్చుని నోట్లో జిలేబీ ముక్క పెట్టింది.

"అత్తమ్మా, మూడేండ్లు కొట్లాడినా నాతోని కాలే. నువ్వెట్ల నేర్పినవ్?"

"నేను నేర్పలే."

"మరెవ్వరు?"

"ఎవ్వరు నేర్పలే. అవసరం వడి అదే నేర్చుకున్నది. నువ్వు పోయినకాంచి వచ్చేదాక ఇంట్ల అన్ని అదే చూసుకుంటది."

పద్మలతకు ఏమీ అర్థం కాలేదు. "గా పసిదానికి ఏం అవసరం వచ్చె?"

దేవవ్వ కొంగుతో మూతి తుడుచుకుంది.

"చెప్తె నువ్వు నౌకరి ఇడిసిపెడ్తవ్, వాడు మస్కట్‌ కెల్లి వాపస్ వస్తడు. గందుకే మీ ఇద్దరికి చెప్పలే."

"ఏం చెప్పలే?" పద్మలత అత్త భుజం పట్టుకుంది. "అత్తమ్మా, ఏమైంది?"

"నాకు కండ్లు కనవడక మూడు నెలలాయె, బిడ్డా."