ఫ్యాన్ లేని పెట్టె

ఇంటింటికీ ఒక సర్వర్ ఉండే రోజులవి. పోయినవాళ్ల గొంతులూ మాటలూ అందులోనే ఉంటాయి కనుక ఎవరూ దాన్ని ఆపేవారు కాదు. కానీ ఆ వేసవిలో కరెంటు కోటా సగానికి సగం తగ్గించారు. పోయిన భర్త రంజిత్‌ని దాచుకున్న పాత పెట్టెలో ఫ్యాన్లే కోటా అంతా తాగేస్తున్నాయని, నవనీత తన చేత్తోనే కొత్తది తయారుచేసింది. తక్కువ కరెంటుతో నడిచే చిన్న బోర్డు, దాని వేడిని పీల్చుకునే మందపాటి అల్యూమినియం డబ్బా. ఫ్యాన్ లేదు. రంజిత్‌ని అందులోకి మార్చి పాతదాన్ని ఆపేయగానే ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది.

తెల్లవారి, చూపు లేని అత్త స్వరూపమ్మ టీ ముట్టలేదు. పాత పెట్టె ఉన్న గది గోడకు చెవి ఆనించి కూర్చుంది.

"టీ సల్లారుతుంది అత్తమ్మా."

"వాని సప్పుడు ఇనొస్తలేదు బిడ్డా. మళ్ల పోయిండా?"

"ఇక్కడనే ఉన్నడు. మాట్లాడిస్త, ఆగు."

"వద్దు. మాటలు ఎప్పటియో. ఊపిరే ఇప్పటిది."

ఇన్నాళ్లూ ఆ ఫ్యాన్ల రొదనే ఆమె కొడుకు ఊపిరిగా వింటోందని నవనీతకు అప్పుడు తెలిసింది. చప్పుడు లేకుండా చేయడమే గొప్పనుకుంది తను.

అత్త చెయ్యి పట్టుకుని నడిపించి, డబ్బా మీద ఆనించింది. ముసలి వేళ్లు ఆ వెచ్చదనాన్ని చాలాసేపు తడిమాయి.

"ఒళ్లు కాల్తుంది పోరనికి," అంది స్వరూపమ్మ. "తడిబట్ట తే బిడ్డా."

నవనీత గుడ్డ తడిపి, డబ్బాలోకి ఒక్క చుక్క కూడా కారకుండా గట్టిగా పిండి తెచ్చింది.