మిణుగురు పరీక్ష

“గడ్డ మళ్లీ ముదిరింది గేమ్యా. ఈసారి మూత్రసంచే తీసెయ్యాలె,” అన్నాడు మిర్యాలగూడ డాక్టరు.

ఆపరేషన్ అక్కర్లేదన్న మాట వినాలని తమ్ముడు భీమ్లాను వెంటబెట్టుకొచ్చిన గేమ్యా కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. “ఎట్ల తెల్సింది సాబ్?”

“పట్నంల నీ మూత్రంల మిణుగురు పురుగుల మందు కలిపిండ్రు. గడ్డ కణాల్ల శక్తి ఎంత పెరిగితే అంత వెలుగొస్తది. నీ సీసా బాగా వెలిగింది. మైక్రోస్కోపుల గూడ గడ్డ కణాలే కనబడ్డయ్.”

భీమ్లా తన అన్న చెవి దగ్గర చేరి కిసుక్కున నవ్వాడు. “నీకు కోత తప్పాలని ఆ సీసాల పోసింది నా ఉచ్చ గదనే! గీళ్ల పరీక్ష ఉత్తదే. నడువ్, త్రిపురారం బస్సు పోతది.”

గేమ్యా నవ్వలేదు. “నీకెప్పుడన్న ఉచ్చల నెత్తురు పడ్డదారా?”

“ఎండకాలం పడ్డది. వేడి చేసిందనుకున్న. కల్లు తాగితే తగ్గింది. ఎందుకే?”

గేమ్యా తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుని డాక్టరు వైపు తిరిగాడు.

“సాబ్, ఆ సీసా నాది కాదు, వీనిది. కోతకు భయపడి మోసం చేసిన. ముందు వీన్ని సూడుండ్రి. వీడు నాకన్న పిరికోడు. నాది గూడ మళ్ల పరీక్ష చేసి, పక్క మంచం నాకియ్యుండ్రి.”